వయసు మచ్చలకు లేజర్: మచ్చను గుర్తుపట్టడం నుంచి పెచ్చు ఊడేదాకా

నలభై అయిదు, యాభై దాటిన వారి కణతల దగ్గర, చెంపల మీద, ముంజేతుల మీద, చేతి వెనుక వైపున గోధుమ రంగులోనో కాఫీపొడి రంగులోనో చదునుగా కనిపించే మచ్చలను వయసు మచ్చలు అంటున్నాం. వైద్యులు వీటిని సోలార్ లెంటిజైన్లు అని వ్యవహరిస్తారు. పేరులో వయసు ఉన్నా అసలు కారణం ఎండే. ఏళ్ల తరబడి పడిన ఎండకు చర్మంలో రంగును తయారుచేసే కణాలు ఒకచోట ఎక్కువై, మెలనిన్ అనే రంగు పదార్థం అక్కడే పేరుకుపోవడం వల్ల ఇవి ఏర్పడతాయి. ఆంగ్లంలో వీటికి లివర్ స్పాట్స్ అన్న పాత పేరు ఉండటంతో కాలేయం దెబ్బతిన్నదేమోనని భయపడి రక్తపరీక్షలకు పరుగెత్తేవారు ఇప్పటికీ కనిపిస్తారు, కానీ కాలేయానికీ ఈ మచ్చలకూ ఏ సంబంధమూ లేదు. నిజంగా వయసు మచ్చే అయితే దానివల్ల ప్రమాదం లేదు, తీయించుకోకపోయినా నష్టం లేదు. చూడటానికి బాగుండలేదనుకుంటేనే లేజర్ గురించి ఆలోచించాలి.

ఈ చికిత్సలో యంత్రం పనిచేసేది కొన్ని నిమిషాలు మాత్రమే. అంతకు ముందు నాలుగు నుంచి ఆరు వారాలు, ఆ తరువాత రెండు మూడు నెలలు మీరు తీసుకునే జాగ్రత్తే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ముఖ్యంగా మన చామనచాయ చర్మానికి ఈ మాట మరింత వర్తిస్తుంది. అందువల్ల ఈ వివరణలో యంత్రం కంటే దాని ముందు వెనకల గురించే ఎక్కువగా రాశాను.

మొదటి పని: అది ఏ మచ్చో తేల్చుకోవడం

ఉదయం పూట కిటికీ దగ్గర నిలబడి, ముఖానికి ఏమీ రాసుకోకుండా అద్దంలో చూసుకోండి. మచ్చ మీద వేలి కొసతో నెమ్మదిగా రాయండి. వేలికి ఏమీ తగలకుండా చర్మంతో సమానంగా ఉండి, అంచు స్పష్టంగా కనిపిస్తూ, ఎండ పడే చోట మాత్రమే ఉన్నట్లయితే అది వయసు మచ్చ అయ్యే అవకాశం ఎక్కువ. వేలికి కొంచెం గరుకుగా, మైనం ముద్దను అతికించినట్టు ఉబ్బెత్తుగా తగిలితే అది సెబోరిక్ కెరటోసిస్ కావచ్చు. చెంపల మీద, కళ్ల చుట్టూ మిరియపు గింజల కంటే చిన్నవిగా, నల్లగా, తల్లికీ పిన్నమ్మలకూ ఉన్నట్టే వస్తూ ఉంటే అవి ఇళ్లలో పులిపిర్లని పిలుచుకునే మరో రకం. ఈ ఉబ్బెత్తు రకాలను సాధారణంగా సన్నని సూదిలాంటి పరికరంతో, విద్యుత్తు లేదా రేడియో తరంగాల సాయంతో కాల్చి తీస్తారు. వాటికి రంగు మచ్చల లేజర్ కోసం డబ్బు పోయడం అనవసరం.

రెండు చెంపల మీదా, నుదుటి మీదా, పైపెదవి మీదా ఒకే తీరులో, అంచు తెలియకుండా మబ్బు కమ్మినట్టు పరుచుకున్నది మంగు. గర్భధారణ తరువాతనో, గర్భనిరోధక మాత్రలు వాడినప్పుడో ఎక్కువగా వస్తుంది, పురుషులకూ వస్తుంది. వయసు మచ్చకూ మంగుకూ ఉన్న తేడా చికిత్స దగ్గర చాలా పెద్దదవుతుంది. వయసు మచ్చ లేజర్‌కు చక్కగా లొంగుతుంది, మంగు మాత్రం అదే వేడికి రెచ్చిపోయి ముదిరే ప్రమాదం ఉంది. మా పిన్నికి రెండు చెంపల మీదా ఉన్నది మంగే అయినా, ఒక క్లినిక్‌లో వయసు మచ్చలని చెప్పి ఆరు సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టారు. నాలుగో సిట్టింగు నాటికి నలుపు మరింత చిక్కబడింది, దాని మధ్యలో బియ్యపు గింజలంత తెల్ల చుక్కలు బయటపడ్డాయి. లేజర్ టోనింగ్ అనే పేరుతో తక్కువ శక్తితో పదే పదే కొట్టించుకున్నప్పుడు ఇలా రంగు చుక్కలు చుక్కలుగా పోవడం వైద్యులకు తెలిసిన దుష్ఫలితమే. ఆ చుక్కలు సర్దుకోవడానికి ఆమెకు ఏడాదికి పైగా పట్టింది.

మరికొన్ని పోలికలు కూడా మనసులో ఉంచుకోండి. మెడ వెనుక, చంకల్లో మందంగా, మఖమల్ గుడ్డలా నలుపు తేలితే లేజర్ కంటే ముందు మధుమేహ పరీక్ష చేయించుకోవాలి. కణతల నుంచి చెవుల ముందుదాకా బూడిద రంగు నలుపు దిగుతూ ఉంటే, తలకు వేసుకునే రంగు పడకపోవడం దానికి కారణం కావచ్చు. ఆ రంగును మానకుండా ఎన్ని సిట్టింగులు చేయించినా ఫలితం ఉండదు. బొట్టు పెట్టుకునే చోట మాత్రమే నలుపో తెలుపో వచ్చినట్లయితే కుంకుమనో స్టిక్కరు జిగురునో అనుమానించాలి.

ఒకవైపు ఒక రీతిగా, మరోవైపు ఇంకో రీతిగా ఉన్న మచ్చ, అంచు చెదిరిపోయినట్టున్న మచ్చ, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, కొద్ది నెలల్లోనే పెరగడం, రక్తం కారడం, మానని పుండు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ మచ్చను లేజర్ దగ్గరికే తీసుకువెళ్లకూడదు. మన చర్మంలో మెలనోమా అనే క్యాన్సర్ అరుదు. అరుదైనంత మాత్రాన లేదని కాదు. దాన్ని లేజర్‌తో పైపైన చెరిపేస్తే రంగు పోయి రోగం లోపల మిగిలిపోతుంది, తరువాత కనిపెట్టడం కష్టమవుతుంది. ఇటువంటి అనుమానం ఉన్నప్పుడు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడమే పద్ధతి.

ఇంట్లో చేసే ఈ పరిశీలన మీరు డాక్టరుతో మాట్లాడటానికి పనికివస్తుందే తప్ప నిర్ధారణకు సరిపోదు. డెర్మోస్కోప్ అనే చేతి భూతద్దంతో మచ్చను దగ్గరగా చూసిన తరువాతనే వైద్యులు నిర్ణయానికి రావాలి. వాట్సాప్‌లో ఫొటో చూసి సిట్టింగుల లెక్క చెప్పేవారిని నమ్మకండి.

రెండో పని: ఎవరి చేత చేయించుకోవాలో నిర్ణయించుకోవడం

చర్మవ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చదివిన వైద్యులను ఎంచుకోండి. బోర్డు మీద డీవీఎల్ అన్న అక్షరాలు కనిపిస్తే అది చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల విభాగమని అర్థం. కాస్మెటాలజీ అన్న మాట ఒక్కటే ఉంటే అది ఆ చదువుకు గుర్తు కాదు. రాష్ట్ర వైద్య మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు కట్టడానికి ముందే రెండో అభిప్రాయం కావాలనుకుంటే హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది. అక్కడ చూపించుకుని, మచ్చ ఏమిటో తెలుసుకుని రావచ్చు.

అడగవలసినవి అడగడానికి మొహమాటపడకండి. యంత్రం పేరేమిటి, అది ఎన్ని నానోమీటర్ల (కాంతి తరంగపు పొడవును చెప్పే కొలత) కాంతిని వాడుతుంది, చేతిపిడి పట్టేది మీరేనా లేక టెక్నీషియనా, నా రంగు చర్మం ఉన్నవారికి ఎందరికి చేశారు, నలుపు తిరగబడితే, అంటే లేజర్ తరువాత అదే చోట మళ్లీ నల్లబడితే, ఆ తరువాతి వైద్యానికి విడిగా రుసుము ఉంటుందా అని అడగండి. అందం కోసం చేసే చికిత్సలకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు కనుక, ఖర్చు మచ్చల లెక్కనా, సిట్టింగు లెక్కనా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. నా ఉద్దేశంలో మొదటి రోజే మొత్తం ప్యాకేజీకి డబ్బు కట్టడం మంచిది కాదు. నిజమైన వయసు మచ్చలకు తరచుగా ఒకటి నుంచి మూడు సిట్టింగులు చాలుతాయి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్న తెలుగువారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1975లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు, ఎండకు చర్మం కమిలే తీరును, నల్లబడే తీరును బట్టి ఒక వర్గీకరణను ప్రతిపాదించారు. తరువాత ఆరు తరగతులుగా విస్తరించిన ఆ వర్గీకరణలో మనలో ఎక్కువమంది 4, 5 తరగతుల్లోకి వస్తాం. తెల్ల చర్మానికి అలవాటైన చేయి అదే మోతాదును మనకు పెడితే కాలుతుంది. సహోద్యోగికి అద్భుతంగా పనిచేసిందని అదే క్లినిక్‌కు వెళ్లే ముందు, 4, 5 తరగతుల చర్మానికి చేసిన అనుభవం వారికి ఉన్నదో లేదో అడగండి.

మూడో పని: దాచకుండా చెప్పడం

అంతకుముందు వాడిన ప్రతి క్రీమునూ, వీలైతే ట్యూబుతో సహా, డాక్టరుకు చూపించండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రబడి, లేజర్‌ను తట్టుకోలేని స్థితికి వస్తుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నా, ఇటీవల మానినా చెప్పాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి కొన్ని మందులు చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తాయి. కీళ్లవాతానికి ఎప్పుడో బంగారు లవణాల ఇంజక్షన్లు తీసుకున్న వారికి ఈ లేజర్ తగిలితే చర్మం నీలి నలుపుకు తిరిగే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మాత్రలు, దెబ్బ తగిలిన చోట కండ పెరిగే స్వభావం, పెదవుల దగ్గర తరచూ వచ్చే జ్వరపు పొక్కులు, అదుపులో లేని మధుమేహం, గర్భం: ఇవన్నీ చెప్పవలసినవే. పొక్కులు వచ్చే అలవాటున్న వారికి ముందుగా మాత్రలు ఇస్తారు. గర్భిణులకు వాయిదా వేయడమే సంప్రదాయం.

నాలుగో పని: రోజు ఎంచుకోవడం, చర్మాన్ని సిద్ధం చేయడం

మార్చి నుంచి జూన్ వరకు మన ఎండల్లో ఈ పని పెట్టుకోకండి. దసరా వెళ్లిన తరువాత మొదలుపెడితే వేసవి నాటికి చర్మం కుదుటపడుతుంది. ఇంట్లో పెళ్లి ఉన్నట్లయితే ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందే పూర్తి కావాలి. పెళ్లికి పది రోజుల ముందు చేయించుకుంటే ఫొటోల్లో పెచ్చులే పడతాయి.

చికిత్సకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు నుంచే సన్‌స్క్రీన్ అలవాటు చేసుకోవాలి. ఎండకు కమిలి ఉన్న చర్మం మీద లేజర్ కొట్టకూడదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, ఎండలోని యూవీఏ కిరణాలను కూడా ఆపేది తీసుకోండి. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలుగా పిండితే వచ్చేంత క్రీము ముఖానికీ మెడకూ కలిపి కావాలి. మనలో చాలామంది అందులో సగం కూడా రాయరు, రాసి పనిచేయలేదంటారు. ఆరుబయట ఉంటే రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయాలి. మన రంగు చర్మాన్ని మామూలు వెలుతురు కూడా నల్లబరుస్తుంది. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత గోధుమ రంగున్న సన్‌స్క్రీన్ ఆ వెలుతురును కొంతవరకు అడ్డుకుంటుంది.

కారు నడిపేవారు తమ కుడి చెంపను, కుడి ముంజేతిని ఎడమవాటితో పోల్చి చూసుకోండి. ముందు అద్దం యూవీఏ కిరణాలను చాలావరకు ఆపుతుంది కానీ పక్క అద్దం గుండా అవి లోపలికి వస్తాయి. బండి నడిపేవారి చేతుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. చేతిమచ్చలకు చికిత్స చేయించుకోదలచినవారు ముందు చేతి తొడుగులు కొనుక్కోవాలి.

డాక్టరు ఈ దశలో రాత్రిపూట రాసే మందు ఇవ్వవచ్చు. ట్రెటినాయిన్ వంటివాటిని చికిత్సకు కొద్ది రోజుల ముందు ఆపమంటారు. నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్ ఇస్తే చెప్పినన్ని వారాలే వాడాలి. ఏళ్ల తరబడి వాడితే అదే మరో రకమైన నీలి నలుపును తెచ్చిపెడుతుంది. బ్లీచింగ్, వ్యాక్సింగ్, ఫేషియల్, నిమ్మరసం రుద్దడం ఈ వారాల్లో ఆపేయాలి.

అయిదో పని: యంత్రాన్ని కొంచెం అర్థం చేసుకుని పరీక్ష మచ్చ అడగడం

1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించిన సూత్రం మీద ఈ చికిత్స నడుస్తుంది. రంగు కణిక మాత్రమే పీల్చుకునే కాంతిని, ఆ వేడి పక్కకు పాకేలోపే ముగిసేంత తక్కువ సమయంలో పంపితే కణిక ఒక్కటే పగులుతుంది, చుట్టూ ఉన్న కండ బతికిపోతుంది. కాగిన నూనెలో ఆవగింజ చిటుక్కున చిట్లినట్టు మెలనిన్ కణిక చిట్లుతుందని ఊహించుకోండి. కాంతిని అతి చిన్న మెరుపులుగా పంపే క్యూ స్విచ్డ్ రకం లేజర్ యంత్రాల్లో ఆ సమయం సెకనులో వందకోట్లవ వంతు లెక్కల్లో ఉంటుంది, పికో యంత్రాల్లో అంతకంటే తక్కువ.

చిక్కు ఎక్కడంటే, మన చర్మంలో మెలనిన్ మచ్చలోనే కాదు, మచ్చ చుట్టూ కూడా ఉంటుంది. అందుకే మోతాదు కొంచెం పెరిగినా మంచి చర్మం కూడా దెబ్బతింటుంది, దెబ్బ తిన్నచోట మన చర్మం వెంటనే నల్లబడుతుంది. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఎన్‌డీ యాగ్ యంత్రం. దానిలో 532 నానోమీటర్ల పచ్చని కాంతి పైపొరలోని వయసు మచ్చను గట్టిగా పట్టుకుంటుంది, అదే సమయంలో నలుపు తిరగబడే అవకాశమూ దానితో ఎక్కువ. 1064 నానోమీటర్ల కాంతి లోతుకు వెళుతుంది, పైపొర మెలనిన్‌కు తక్కువగా చిక్కుతుంది. ఐపీఎల్ అనేది లేజర్ కాదు, అనేక రంగుల వెలుగు కలిసిన ఫ్లాష్. చామనచాయ చర్మం మీద అజాగ్రత్తగా వాడితే దీర్ఘచతురస్రాకారపు కాలిన గుర్తులు మిగులుతాయి. ద్రవ నత్రజనితో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది, కాకపోతే రంగు కణాలు చలికి త్వరగా చనిపోతాయి కనుక మనకు తెల్ల మచ్చ మిగిలే భయం ఎక్కువ.

ఈ కారణాల వల్ల ముఖమంతా ఒకేసారి చేయించుకోకుండా, దవడ పక్కనో చెవి ముందో ఉన్న ఒక్క మచ్చ మీద ముందు పరీక్షించమని అడగండి, నాలుగు వారాలైనా ఆగి చూడండి. ఆ ఓపిక లేదని క్లినిక్ వారు అంటే మీరు వేరే క్లినిక్ చూసుకోవచ్చు.

ఆరో పని: సిట్టింగు రోజు

ముఖం శుభ్రంగా కడుక్కుని, పౌడరు, కాటుక, బొట్టు లేకుండా వెళ్లండి. బయలుదేరే ముందు, మొదట మచ్చను చూసుకున్న కిటికీ దగ్గర ఆ వెలుతురులోనే ఫొటోలు తీయించి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. నొప్పి భరించలేమనుకుంటే మత్తు క్రీము రాసి ముప్పావు గంట నుంచి గంట దాకా ఉంచుతారు. ఒకటి రెండు మచ్చలకు అదీ అవసరం ఉండదు. కళ్లకు కాంతి చొరబడని కప్పులు పెట్టకుండా ఎవరు మొదలుపెట్టినా ఆపమనండి. ఈ కాంతి రెటీనాను శాశ్వతంగా దెబ్బతీయగలదు, గదిలో ఉన్న వారందరికీ ఆ కాంతికి సరిపడే కళ్లద్దాలు ఉండాలి.

కప్పుల కింద కళ్లు మూసుకుని పడుకుంటే ముందు చిన్న టప్, టప్ అన్న చప్పుడు వినిపిస్తుంది. ప్రతి దెబ్బకూ రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, నూగు వెంట్రుక కమిలిన వాసన కొద్దిగా వస్తుంది. చేతి మీద చేస్తున్నప్పుడైతే మీరే చూడవచ్చు. గోధుమ రంగు మచ్చ మీద ఒక్క క్షణంలో ముగ్గుపిండి అద్దినట్టు తెలుపు తేలుతుంది. వైద్యులు ఎదురుచూసేది ఆ తెలుపునే, అది వస్తే మోతాదు సరిపోయిందని అర్థం. అయిదు నుంచి ఇరవై నిమిషాల్లో ఆ తెలుపు కరిగి, చుట్టూ ఎర్రబడి, కొంచెం ఉబ్బుతుంది. వెంటనే బొబ్బ లేచినా, రక్తపు చుక్క కనిపించినా మోతాదు ఎక్కువైనట్టే. మంట భరించలేనంతగా ఉంటే పళ్లు బిగించుకుని ఊరుకోకండి, అక్కడికక్కడే చెప్పండి.

ఏడో పని: పెచ్చు ఊడేదాకా ఆగడం

మరునాటికి మచ్చ మునుపటికంటే నల్లగా, కాఫీ డికాక్షన్ అడుగు మిగిలినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే బెంబేలెత్తి ఫోన్ చేస్తారు. అది పలచని పెచ్చు కట్టడం మాత్రమే. ముఖం మీద ఏడు నుంచి పది రోజుల్లో, చేతుల మీద రెండు మూడు వారాల్లో అది దానంతటదే రాలుతుంది. అంతదాకా గోరుతో గీకకూడదు, తువ్వాలుతో రుద్దకూడదు. గోరువెచ్చని నీటితో, మృదువైన సబ్బుతో కడిగి, తుడవకుండా అద్ది, పలచగా వాజిలిన్ రాయండి. మొదటి రోజు మంట ఉంటే గుడ్డలో చుట్టిన చల్లని ప్యాక్‌ను కొద్దిసేపు ఉంచవచ్చు.

పసుపు, సున్నిపిండి, సెనగపిండి, పెరుగు, కలబంద: ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో తెచ్చి ఇచ్చినా పెచ్చు పోయేదాకా వద్దు. చిక్కు వాటి మంచిచెడ్డలతో కాదు, రుద్దడంతోనూ, కొందరి చర్మానికి అవి పడకపోవడంతోనూ వస్తుంది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడటం, ఆవిరి పట్టడం, చెమట కారే వ్యాయామం ఒక వారం తగ్గించుకోండి. ఎండలోకి వెళ్లక తప్పకపోతే గొడుగు, చున్నీ, పొడుగు చేతులు వాడండి. చర్మం మానిన తరువాత సన్‌స్క్రీన్ తిరిగి మొదలుపెట్టాలి.

వాపు రోజురోజుకూ పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, పెదవి చుట్టూ పొక్కులు గుంపుగా లేచినా, కంటిచూపులో ఏ తేడా కనిపించినా ఆ రోజే డాక్టరును కలవాలి.

ఎనిమిదో పని: నలుపు తిరిగి వస్తే ఏం చేయాలి

పెచ్చు రాలిన చోట చర్మం లేత గులాబీ రంగులో బయటపడుతుంది. అంతా బాగుందనుకున్న రెండు నుంచి ఆరు వారాల మధ్య అదే చోట బూడిద రంగో గోధుమ రంగో తేలవచ్చు. మచ్చ తిరిగి వచ్చిందని కంగారుపడి మళ్లీ లేజర్ కొట్టించుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అది పాత మచ్చ కాదు, దెబ్బకు చర్మం ఇచ్చిన సమాధానం. సన్‌స్క్రీన్ మానకుండా, డాక్టరు ఇచ్చిన క్రీము వాడుతూ ఉంటే కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఆ నలుపు పూర్తిగా పోయేదాకా తరువాతి సిట్టింగు వేయించుకోకండి. నలుపు రాని వారు కూడా రెండు సిట్టింగుల మధ్య నాలుగు నుంచి ఎనిమిది వారాలు విరామం ఇవ్వాలి.

మూడు సిట్టింగులైనా కదలని మచ్చను నాలుగోసారి కొట్టించకుండా నిర్ధారణను మరోసారి తిరగేయమనండి. అవసరమైతే బయాప్సీ అడగండి. పోయిన మచ్చల స్థానంలో రెండు మూడేళ్లకు కొత్తవి రావచ్చు. అందుకని మొదటి రోజు తీయించిన ఫొటోలను ఫోన్‌లో పడేయకుండా తేదీ వేసి దాచుకోండి, ఏటా ఒకసారి అదే కిటికీ దగ్గర అదే వెలుతురులో మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, పెరిగినదో రంగు మారినదో కనిపిస్తే ఆ రెండు ఫొటోలతోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.